కొలిచి వేసిన చీకటి

కడపలో మా ఇంటి నడవలో పరిచినవి ఇక్కడి నల్లబండలే. ఎండాకాలంలో చీకటి పడే వేళకు వాటిని కడిగి, తడి ఆరకముందే వీధిదీపం వెలిగిందంటే, తలుపు సందులోంచి వచ్చిన వెలుగు నేల మీద పొడవాటి చారగా సాగుతుంది, దాని పక్కనున్న నలుపు ఇంకా చిక్కగా కనిపిస్తుంది. ఫిల్మ్ నోయర్ అనే నీడలు నిండిన పాత అమెరికన్ నేర చిత్రాల్లో రాత్రి వీధులు అంత తరచుగా ఎందుకు తడిసి ఉంటాయో నాకు ఈ బండలను చూశాకే బోధపడింది. పొడి రోడ్డు వెలుగును మింగేస్తుంది, నీళ్లు చల్లిన రోడ్డు మాత్రం ప్రతి దీపాన్నీ తిరిగి కెమెరాకు అప్పజెబుతుంది. అక్కడ నీళ్లు చల్లేది వాన పడిందని చెప్పడానికి కాదు, చీకటికి ఒక మెరుపు అంచు కుట్టడానికి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సుకు చేరని అమెరికన్ నేర చిత్రాలు యుద్ధం ముగిశాక పారిస్‌లో వరుసగా విడుదలైనప్పుడు, 1946లో నినో ఫ్రాంక్ అనే ఫ్రెంచి విమర్శకుడు వాటిని 'నల్ల సినిమా' అనే అర్థంలో 'ఫిల్మ్ నోయర్' అని పిలిచాడు. వాటిని తీసినవారిలో ఫ్రిట్జ్ లాంగ్, బిల్లీ వైల్డర్, రాబర్ట్ సియోడ్‌మాక్ వంటి వారు నాజీల పాలన వచ్చాక జర్మనీ విడిచి వెళ్లినవారు. మనిషి లోపలి కలతను గోడ మీది నీడలతో చెప్పే జర్మన్ సినిమా అలవాటు వారి వెంటే హాలీవుడ్‌కు చేరింది.

లైటింగ్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ సినిమాల ప్రాణమంతా అక్కడే ఉంది. సాధారణంగా నటుడి ముఖానికి మూడు లైట్లు పెడతారు. కీ లైట్ ప్రధానమైన వెలుగునిస్తుంది, దాని వల్ల రెండో వైపు పడిన నీడలను ఫిల్ లైట్ పలచబరుస్తుంది, బ్యాక్ లైట్ మనిషిని వెనకనున్న గోడ నుంచి విడదీసి చూపిస్తుంది. నోయర్ కెమెరామన్ వీటిలో ఫిల్ లైట్‌ను బాగా తగ్గిస్తాడు, కొన్నిసార్లు పూర్తిగా తీసేస్తాడు. అంతే, ముఖంలో సగం మాయమవుతుంది. ఆ మనిషి అబద్ధం చెబుతున్నాడని ఎవరూ మనకు చెప్పరు, కానీ ఒక కన్ను కనిపించనప్పుడు మనకు అనుమానం దానంతట అదే పుడుతుంది.

నీడ అంచు పదునుగా ఉండాలా, మెత్తగా ఉండాలా అన్నది కూడా లెక్క ప్రకారం జరిగే పనే. ఈ లెక్క మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు బొమ్మను తెరకు ఆనించినప్పుడు దాని అంచులు, తోలులో తొలిచిన నగిషీలు స్పష్టంగా కనిపిస్తాయి. అదే బొమ్మను దీపం వైపుకు జరిపితే నీడ పెద్దదై, అంచులు కరిగి, ఆకారం గాలిలో తేలినట్టు కనిపిస్తుంది. నోయర్‌లో మెట్ల మీదుగా మనిషికి ముందే గోడ మీదికి ఎక్కే పెద్ద నీడ ఈ సూత్రం మీదే పుడుతుంది.

1944లో వచ్చిన 'డబుల్ ఇండెమ్నిటీ'లో కిటికీ బ్లైండ్ల గుండా వచ్చిన వెలుగు గదిలోకి చారలు చారలుగా పడుతుంది, హత్యకు ఒప్పుకోబోయే మనిషి మీద అవి జైలు ఊచల్లాగా కనిపిస్తాయి. ఆ గదిలో గాలి కూడా కదలక నిలిచిపోయినట్టు ఉండాలని కెమెరామన్ జాన్ సైట్జ్ సన్నని అల్యూమినియం పొడిని గాలిలోకి వదిలించి, వెలుగులో తేలే దుమ్ముగా చూపించాడు. మే నెల మిట్టమధ్యాహ్నం తలుపులన్నీ మూసుకున్న కడప ఇంట్లో, కిటికీ రెక్కల మధ్య నుంచి పడిన సన్నని ఎండలో దుమ్ము తేలడం చూసినవారికి ఆ గదిలోని ఉక్కపోత చప్పున అర్థమవుతుంది.

నలుపు తెలుపు ఫిల్ము తనంతట తానుగా భయాన్ని పుట్టించదని కూడా ఇక్కడే చెప్పాలి. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి గారి 'మాయాబజార్'లో (1957) కెమెరామన్ మార్కస్ బార్ట్లే అదే నలుపు తెలుపుతో, లైట్లతోనే వెన్నెల కురిపించారు. నీడలున్నా వాటి అంచులు మెత్తగా ఉంటాయి, అందుకే ఆ రాత్రి మనల్ని పడవలోకి పిలుస్తుంది. నోయర్ రాత్రి మనల్ని గుమ్మం దగ్గరే నిలబెడుతుంది.

కెమెరా విషయంలో నాకు బాగా నచ్చేది దానిని ఎక్కడ పెట్టారన్నదే. నేలకు దగ్గరగా పెట్టి పైకి చూపిస్తే ఇంటి కప్పు కూడా ఫ్రేములోకి వచ్చి, మనిషి తల మీద బరువు పెట్టినట్టు అనిపిస్తుంది. 'గన్ క్రేజీ' (1950)లో బ్యాంకు దోపిడీ జరుగుతుంటే కెమెరా బ్యాంకులోకి అడుగు పెట్టదు. కారు వెనక సీట్లోనే కూర్చొని, మూడు నిమిషాలకు పైగా ఒక్క కట్ కూడా లేకుండా, దొంగలతో పాటు వెళ్లి వారితో పాటే పారిపోతుంది. లోపల ఏం జరిగిందో మనం చూడం, కానీ ఆ దోపిడీలో మనమూ ఉన్నాం.

శబ్దాన్ని ఎంత పొదుపుగా వాడవచ్చో 'ది బిగ్ కాంబో' (1955)లో చూడవచ్చు. వినికిడి యంత్రం పెట్టుకునే ఒక ముఠా మనిషిని చంపబోతూ, అతనికి తుపాకీ చప్పుడు వినపడకూడదన్న 'దయ'తో ముఠా నాయకుడు ఆ యంత్రాన్ని అతని చెవి నుంచి తీసేస్తాడు. ఆ క్షణం నుంచి మనకు కూడా ఏమీ వినిపించదు. చీకట్లో తుపాకుల మంటలు మాత్రం మెరుస్తాయి. అంతటి నిశ్శబ్దాన్ని ఏ వాయిద్యమూ సృష్టించలేదని నా నమ్మకం. దానికి కెమెరామన్ జాన్ ఆల్టన్. తక్కువ ఖర్చుతో తీసే చిత్రాల్లో సెట్టు లేని చోటును చీకటితో నింపి, ఆ లేమినే అందంగా మార్చిన మనిషి.

మొన్నొక రాత్రి మా నాయనతో కలిసి 'ది థర్డ్ మ్యాన్' (1949) చూశాను. ఆయన మొదట టీవీ బ్రైట్‌నెస్ పెంచి, "ఏందిరా ఇది, మొగం గూడా సరిగ్గా అగపడ్లేదే!" అన్నారు. పెంచితే నలుపంతా బూడిద రంగుకు తిరిగి సినిమా చప్పబడిపోతుంది కాబట్టి, నేను దాన్ని మళ్లీ తగ్గించి, హాల్లో లైటు కూడా ఆర్పేశాను. కథ యుద్ధంలో చితికిన వియన్నాలో జరుగుతుంది. కెమెరామన్ రాబర్ట్ క్రాస్కర్ కెమెరాను ఒక పక్కకు ఒరగబెట్టి తీయడం వల్ల, భవనాలు, మెట్లు, మనుషులు అన్నీ జారిపోతున్నట్టే ఉంటాయి. సంగీతమంతా ఆంటన్ కరాస్ వాయించిన జితర్ అనే తీగల వాయిద్యం ఒక్కటే. కథ ఎంత బరువెక్కినా ఆ తీగలు హుషారుగానే మోగుతుంటాయి, ఆ పొత్తు కుదరకపోవడమే మనసును కలవరపెడుతుంది.

నాయన ముందుకు వంగింది ఆ గుమ్మం సన్నివేశం దగ్గర. చీకటి గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు, బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి, వాటి దగ్గర ఒక పిల్లి. తాగి ఉన్న కథానాయకుడు వీధిలోంచి అరుస్తాడు. ఆ గోలకు విసుక్కుంటూ ఎవరో పై అంతస్తులో దీపం వేస్తారు, ఆ వెలుగు ఏటవాలుగా వచ్చి గుమ్మంలోని ముఖం మీద పడుతుంది. చచ్చిపోయాడనుకున్న స్నేహితుడు! చిన్నగా నవ్వుతాడు. దీపం ఆరిపోతుంది, మధ్యలో ఒక కారు అడ్డం వస్తుంది, ఆ తరువాత మిగిలేది రాళ్లు పరిచిన వీధిలో పరిగెత్తే అడుగుల చప్పుడు, గోడ మీద నీడ.

"ఆ లైటు ఇంగ రోంత సేపు ఉండింటే బాగుండు గదరా" అన్నారు నాయన. నేను సినిమాను వెనక్కు తిప్పి ఆ గుమ్మం దగ్గర మళ్లీ మొదలుపెట్టాను.