గుడ్డుకి ఒక పేరు, తల్లికి ఇంకో పేరు

డైనోసార్ గుడ్డు శిలాజం దొరికిందని వార్త రాగానే అందరం అడిగేది ఒకటే, ఇది ఏ డైనోసార్‌ది అని. చాలాసార్లు దానికి నిజాయితీ గల జవాబు "తెలియదు". అయినా ఆ గుడ్డుకి శాస్త్రీయ నామం ఉంటుంది, జాతి ఉంటుంది, కుటుంబం కూడా ఉంటుంది. తల్లి ఎవరో తేలకుండానే గుడ్డుకి విడిగా పేరు పెట్టే ఈ పద్ధతి మొదట వింతగా అనిపించొచ్చు గానీ, శిలాజాల శాస్త్రంలో నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. అది ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఓవిరాప్టర్ సంగతి తెలియాలి.

1923లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నాచురల్ హిస్టరీ బృందానికి మంగోలియాలో, గోబీ ఎడారిలోని ఫ్లేమింగ్ క్లిఫ్స్ దగ్గర పొడవాటి గుడ్లు దొరికాయి. ఆ చుట్టుపక్కల ఎక్కడ చూసినా ప్రోటోసెరటాప్స్ అనే శాకాహార డైనోసార్ ఎముకలే, అందుకని గుడ్లు కూడా దానివే అనుకున్నారు. ఒక గూటి దగ్గర మాత్రం వేరే డైనోసార్ అస్థిపంజరం కనిపించింది, అది గుడ్లు ఎత్తుకుపోవడానికి వచ్చి ఉంటుందని ఊహించి 1924లో హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బోర్న్ దానికి ఓవిరాప్టర్, అంటే గుడ్లదొంగ అని పేరు పెట్టారు. 1993లో అదే గోబీలో ఉఖా తొల్గోద్ అనే చోట అలాంటి గుడ్డులోనే పిండం ఎముకలు బయటపడ్డాయి, చూస్తే ఆ పిండం ఓవిరాప్టర్ కుటుంబానిది! ఆ తర్వాత గుడ్ల చుట్టూ చేతులు చాపి పొదుగుతున్న భంగిమలోనే శిలాజాలుగా మారిన ఆ కుటుంబపు డైనోసార్లు కూడా దొరికాయి. కానీ నామకరణ నియమాల్లో మొదట పెట్టిన పేరుకే ప్రాధాన్యం కాబట్టి దొంగ అన్న పేరు ఇప్పటికీ అలాగే ఉంది. మరి ప్రోటోసెరటాప్స్ గుడ్లు ఏమయ్యాయంటే, 2020లో వచ్చిన పరిశోధన ప్రకారం వాటి పెంకు మెత్తనిది, గట్టి పెంకులా సులువుగా శిలాజం అయ్యే రకం కాదు.

అమెరికాలోని మోంటానాలో, ఎగ్ మౌంటెన్ అనే చోటా ఇలాగే జరిగింది. అక్కడి గుడ్లలోని పిండాలు ఓరోడ్రోమియస్ అనే చిన్న శాకాహారివని 1988లో ప్రకటించారు, అవే పిండాలను మళ్ళీ శ్రద్ధగా పరిశీలించాక 1996లో, కాదు, ట్రూడాన్ అనే వేరే చిన్న డైనోసార్‌వి అని సరిదిద్దారు. పిండం కళ్ళెదుట ఉన్నప్పుడే ఇంత తడబాటు ఉంటే, పక్కన దొరికిన ఎముకల్ని బట్టి తల్లిని నిర్ణయించడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అందుకే గుడ్ల వర్గీకరణ పూర్తిగా పెంకు మీదే నడుస్తుంది. చైనా శాస్త్రవేత్త జావో జికుయ్ 1970లలో దీనికి పునాది వేశారు, తర్వాత రష్యాకు చెందిన కాన్‌స్టాంటిన్ మిఖైలోవ్ లాంటివాళ్ళు పెంకు నిర్మాణాన్ని బట్టి దాన్ని విస్తరించారు. గుడ్డు జాతిని ఊజీనస్ అనీ, అందులోని రకాన్ని ఊస్పీషీస్ అనీ అంటారు, పేరు చివర ఎక్కువగా "ఊలిథస్" అని వస్తుంది. డైనోసార్ల అడుగుజాడలకీ ఇలాగే విడి పేర్లు ఉన్నాయి.

అసలు పని మైక్రోస్కోప్ దగ్గర మొదలవుతుంది. పెంకు ముక్కని వెలుతురు దూరేంత పల్చగా అరగదీసి అడ్డకోతలో చూస్తారు. కాల్సైట్ స్ఫటికాలు ఎలా పెరిగాయి, పెంకు ఎన్ని పొరలు, గాలి ఆడే సన్నని రంధ్రాలు తిన్నగా ఉన్నాయా వంకర తిరిగాయా, పైన బొడిపెలున్నాయా గీతలున్నాయా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. గుడ్డు ఆకారం, సైజు కూడా చూస్తారు గానీ వాటినే నమ్ముకోరు, ఎందుకంటే మట్టి బరువుకి గుడ్డు నలిగిపోయి ఉండొచ్చు. ఉదాహరణకి మెగలూలిథస్ గుడ్లు గుండ్రంగా ఉంటాయి, పెంకు మందంగా ఒకే పొర, విసనకర్రల్లా విచ్చుకున్న స్ఫటికాల గుత్తులు పక్కపక్కనే నిలబడి ఒక్కోటీ పైన ఒక బొడిపెగా తేలుతుంది. ఎలాంగేటూలిథస్ పూర్తిగా వేరు: పొడుగు గుడ్లు, పక్షుల పెంకులా విడిగా కనిపించే రెండు పొరలు, పైన గీతల్లాంటి గట్లు. గూళ్ళలో ఇవి జంటలుగా ఉంటాయి. చైనాలో దొరికిన ఒక ఓవిరాప్టరోసార్ (ఓవిరాప్టర్, దాని బంధువుల గుంపు) కటి భాగంలో సరిగ్గా రెండు గుడ్లు ఉన్నాయని 2005లో ప్రచురించారు కాబట్టి, ఒక్కో అండవాహికలో ఒక్కో గుడ్డు తయారయ్యేదని అర్థమైంది.

ఈ పద్ధతిలో ఇబ్బందులు లేవని కాదు. ఒకే ఎలాంగేటూలిథస్ గుడ్డు నడుమ భాగంలో గట్లుంటే కొసల దగ్గర విడివిడి బొడిపెలు ఉండొచ్చు, కాబట్టి రెండు ముక్కలు మాత్రమే చేతిలో ఉన్నవాళ్ళు రెండు రకాలనుకునే వీలుంది. పెంకు కోసుకుపోవచ్చు, లక్షల ఏళ్ళలో స్ఫటికాలు మారిపోవచ్చు. ఇలా లేని రకాలకి కూడా పేర్లు పుట్టుకొచ్చి, తర్వాత కొన్నింటిని కలిపేయాల్సి వస్తుంది. నన్నడిగితే చిన్న ముక్కల మీద కొత్త పేరు పెట్టకుండా ఆగడమే మేలు.

కానీ ఫలితం వచ్చినప్పుడు గట్టిగా వస్తుంది. నర్మదా లోయలో 92 గూళ్ళు, 256 గుడ్లు పరిశీలించి 2023లో ప్రచురించిన పరిశోధనలో టైటనోసార్లు అనే పొడుగు మెడ శాకాహార డైనోసార్ల గుడ్లలో ఆరు ఊస్పీషీస్‌ని గుర్తించారు. మన దేశంలో ఆ కాలపు రాళ్ళలో ఎముకల ద్వారా తెలిసిన టైటనోసార్లు ఇసిసారస్, జైనోసారస్ లాంటి కొన్నే, అంటే ఎముకలు చెప్పినదానికంటే ఎక్కువ రకాలు అక్కడ తిరిగి ఉండొచ్చని గుడ్లు సూచిస్తున్నాయి. అలాగే మాక్రో ఎలాంగేటూలిథస్ అనే పెద్ద గుడ్లు, కొన్ని 60 సెంటీమీటర్ల దాకా పొడవున్నవి, ఓవిరాప్టర్ గుడ్లను పోలి ఉన్నా అంత పెద్ద ఓవిరాప్టరోసార్ చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2007లో గిగాంటోరాప్టర్ అనే భారీ ఓవిరాప్టరోసార్ వెలుగులోకి వచ్చింది, చైనాలోని హెనాన్‌లో ఇలాంటి పెద్ద గుడ్లతో పాటు దొరికిన ఓవిరాప్టరోసార్ పిండానికి 2017లో బేబేలాంగ్ అని పేరు పెట్టారు. పెంకు ముందే ఇచ్చిన ఆచూకీ నిజమైంది.

గుండ్రటి రాయి కనిపిస్తే గుడ్డేమో అనుకునేవాళ్ళు చాలామంది. ఎక్కువ భాగం అవి మట్టిలో ఖనిజాలు పేరుకుని ఏర్పడిన ఉండలే. విరిగిన అంచులో ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన విడిగా పెంకు, దాని మీద రంధ్రాలో బొడిపెలో కనిపిస్తే మాత్రం ఆలోచించాల్సిందే. అప్పుడు కూడా దయచేసి తవ్వి తీయకండి, కడగకండి. ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని భూగర్భశాస్త్రం తెలిసినవాళ్ళకి చెప్పండి. గుడ్లు ఎన్ని, ఏ పొరలో, ఒకదాని పక్కన ఒకటి ఎలా పడి ఉన్నాయన్నది కూడా వర్గీకరణలో పనికొచ్చే సాక్ష్యమే, గుడ్డుని ఒకసారి కదిపామంటే అదంతా పోయినట్టే.