ఏడు చోట్ల లిస్టు, నాలుగేళ్ల బుడ్డోడు

నల్గొండ నుంచి హైదరాబాద్ దాదాపు నూరు కిలోమీటర్లు. ఆస్పత్రికో ఆఫీసు పనికో ఎన్నిసార్లు పోయొచ్చామో లెక్కలేదు. మా నాలుగేళ్ల బుడ్డోడికి పట్నం చూపించడానికని రెండు రోజులు పెట్టుకుని పోయింది మాత్రం మొన్న చలికాలంలోనే. అత్తమ్మ కూడా వస్తానంది.

మా ఆయన కాగితం మీద ఏడు చోట్లు రాశాడు. శుక్రవారం దిగగానే ముందు సాలార్‌జంగ్ మ్యూజియం, బస్టాండుకు దగ్గర కదా అని. గురువారం రాత్రి బట్టలు సర్దుతుంటే తెలిసింది, దానికి శుక్రవారమే సెలవట. జూకేమో సోమవారం. మొదటి రోజు జూ, రెండో రోజు మ్యూజియం అని అప్పటికప్పుడు మార్చుకున్నాం.

పొద్దున ఆరింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే నాకు, అత్తమ్మకు జీరో టికెట్. ఐదేళ్ల లోపువాడు కాబట్టి బుడ్డోడికి టికెట్టే లేదు. నలుగురిలో డబ్బులిచ్చింది మా ఆయన ఒక్కడే. డీలక్స్ ఎక్కితే మాత్రం ఆడవాళ్లకూ టికెట్ కొట్టించుకోవాలి, చూసుకుని ఎక్కండి.

"బస్సెక్కే ముందు పాలు పట్టకు బిడ్డా" అని అత్తమ్మ చెప్పనే చెప్పింది. నేను వినలేదు. చిట్యాల దాటామో లేదో నా చీర మీదే కక్కేశాడు. వాడి ఇంకో జత బట్టలు బ్యాగు అడుగున, బ్యాగేమో సీటు కింద, నా చేతిలో వాడు. వచ్చేటప్పుడు మాత్రం ఒక జత, రెండు కవర్లు, తడి గుడ్డ చేతిసంచిలోనే పెట్టుకున్నా.

వాడికి మెట్రో చూపిద్దామని ఎల్బీనగర్‌లో దిగాం. బస్సులో వయసు చూస్తారు, మెట్రోలో ఎత్తు చూస్తారు. మూడడుగులు దాటితే టికెట్ తీసుకోవాల్సిందే. మావాడు దాటేశాడు. టికెట్ చేతిలో పెడితే జేబులో పెట్టుకుని ఎవరికీ ఇవ్వలేదు, గేటు దగ్గర బతిమాలి తీసుకోవాల్సి వచ్చింది. ఎస్కలేటర్ మీద అత్తమ్మ కాలు పెట్టనంటే పెట్టనంది. వాడేమో పైకి పోవడం, మెట్ల మీద కిందికి రావడం, మళ్లీ ఎక్కడం. అరగంట అక్కడే పోయింది. మా ఆయన గడియారం చూసుకోవడం, నేను ఆయన ముఖం చూడటం.

ఎంజీబీఎస్‌లో దిగి లాడ్జికి పోయాం. ఫోన్లో రెండో అంతస్తు అన్నారు, ఇచ్చింది నాలుగోది. లిఫ్టు పనిచేయదు. వేడినీళ్లు పొద్దున తొమ్మిది వరకేనట, మేం పోయేసరికి బంద్. చిన్నపిల్లలుంటే ఈ మూడూ ముందే గట్టిగా అడగాలి. రూమ్ బాయే పాపం కింది నుంచి ఒక బకెట్ వేడినీళ్లు మోసుకొచ్చాడు.

జూ 380 ఎకరాలు. బ్యాటరీ బండి ఎక్కకుండా పిల్లలతో తిరగగలం అనుకోవడం పిచ్చితనం. పెద్దపులి దగ్గర బుడ్డోడు నిలబడింది రెండు నిమిషాలు. బెంచీ కింద చీమలు బిస్కెట్ ముక్కను లాక్కుపోతుంటే మాత్రం పావుగంట గొంతుకూర్చున్నాడు. "పులిని చూడరా" అని మా ఆయన రెక్క పట్టి లేపితే ఏడుపందుకున్నాడు. ఒంటిగంటకల్లా రూముకొచ్చి, అత్తమ్మ తెచ్చిన పెరుగన్నం తినిపించి పడుకోబెడితే నాలుగున్నర దాకా లేవలేదు. మేమూ పడుకున్నాం. లిస్టు సంగతి అక్కడితో ఎవరూ ఎత్తలేదు.

శనివారం మ్యూజియంలో మ్యూజికల్ క్లాక్ కోసం పన్నెండుకు పావుగంట ముందే పోయి ముందు వరుసలో కూర్చున్నాం. గంట గంటకూ చిన్న తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ ఒకటి బయటికొచ్చి, ఎన్నైతే అన్ని గంటలు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండుకు ఎక్కువ దెబ్బలు కాబట్టి జనమూ ఎక్కువే. మావాడికి పది వరకే లెక్క వచ్చు. పది కాగానే మళ్లీ "ఒకటి, రెండు" అన్నాడు. పక్కనున్న ముసలాయన పకపకా నవ్వాడు. అత్తమ్మకేమో ముసుగు రెబెక్కా నచ్చింది. 1876లో బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. "రాయేనా, పల్చటి బట్ట కప్పిండ్రా?" అని రెండుసార్లు అడిగింది.

సాయంత్రం లుంబినీ పార్కు నుంచి పడవలో బుద్ధుడి దగ్గరికి పోయాం. ఆ రాయి మన రాయగిరిది, భువనగిరి దగ్గర, అప్పట్లో నల్గొండ జిల్లానే. 1990లో తరలిస్తుంటే పడవ ఒరిగి విగ్రహం హుస్సేన్‌సాగర్‌లో పడింది, మనుషులూ పోయారు. రెండేళ్ల తర్వాత 1992లో పైకి తీసి నిలబెట్టారు. వాడికి మనుషుల సంగతి చెప్పలేదు, నీళ్లల్లో పడ్డాడనే చెప్పా.

"ఈత రాదా?"

"రాదు."

"మరి వాళ్లమ్మ ఏడ్చిందా?"

నాకు జవాబు దొరకలేదు. అత్తమ్మే "ఏడ్సింది బిడ్డా, తీసినంక నవ్వింది" అంది.

నల్గొండలో దిగేసరికి రాత్రి పది దాటింది. ఆటో గడియారం సెంటర్ దాటుతుంటే వాడు ఒళ్లోంచి లేచి మెడ ఎత్తి చూశాడు.

"అమ్మా, మన గడియారంల తాత ఏడి?"

"పండుకున్నడురా" అంది అత్తమ్మ.

"పన్నెండుకు లేస్తడా?"

ఇల్లు చేరేదాకా అదే ప్రశ్న.