శివరాత్రికి నల్లమల దారిన నడిచేవారికి

"శ్రీశైల శిఖరం దృష్ట్వా పునర్జన్మ న విద్యతే" అని అందరం చదువుకుంటాం. ఇందులో 'దృష్ట్వా' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. చూసినవాడికి జన్మ లేదన్నారు గానీ, ఒళ్లు హూనం చేసుకున్నవాడికి అనలేదు. రెండు రోజులు అడవిలో నడిచి కొండెక్కి, తీరా శివరాత్రి నడిరేయి లింగోద్భవ వేళకు సత్రం అరుగు మీద సొమ్మసిల్లి నిద్రపోయేవాళ్లు ఏటా ఎంతోమంది. నడకలో చేసే చిన్న చిన్న పొరపాట్లే వాళ్లకు ఆ చూపును దక్కకుండా చేస్తున్నాయి.

ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా సాగే పాతదారి సుమారు 40 కిలోమీటర్లు. శ్రీశైలానికి మెట్లు కట్టించిన పుణ్యం రెడ్డిరాజు ప్రోలయ వేముడిదని చరిత్ర. ఇది పులుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ శివరాత్రికి, ఉగాదికి మాత్రమే కొద్దిరోజులు దారి తెరుస్తుంది. ఉగాదికి ఎక్కువగా కన్నడ భక్తులు వస్తారు.

మాఘ బహుళ ద్వాదశి నాడు తెల్లవారుజామున వెంకటాపురంలో బయల్దేరితే లెక్క సరిపోతుంది. ఆ రాత్రి పెచ్చెరువులో పడుకుని, త్రయోదశి పొద్దున్నే భీముని కొలను వైపు సాగాలి. సాయంత్రానికి కొండ మీద ఉంటారు. అప్పుడు చతుర్దశి మొత్తం ఉపవాసానికి, జాగరణకు మిగులుతుంది. చతుర్దశి నాడు ఇంకా దారిలోనే ఉంటే రెంటికీ చెడతారు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు వెంకటాపురంలోనే ఉపవాసం మొదలుపెట్టడం. ఉపవాసం చతుర్దశి తిథికి చెప్పింది, అడవికి కాదు. పైగా ఇది శిశిరం. నల్లమల ఆకు రాల్చేసి ఉంటుంది. చలికాలమే కదా అని వెళ్తారు గానీ, పది దాటాక తలమీద నీడ దొరకదు. చెమటతో నీళ్లే కాదు, ఉప్పూ పోతుంది. వట్టి నీళ్లు ఎన్ని తాగినా పిక్కలు పట్టేయడానికి కారణం అదే. రెండు లీటర్ల నీళ్లు ఎప్పుడూ భుజాన ఉండాలి. దారిలో మజ్జిగ పోస్తే ఉప్పు వేయించుకుని తాగాలి. రోజుకు నాలుగైదు ఎండు రొట్టెలు, శెనక్కాయల పొడి, గుప్పెడు బెల్లం, అటుకులు చాలు. నాగలూటిలో, పెచ్చెరువులో అన్నదానాలు ఉంటాయి. అక్కడ పెట్టింది ప్రసాదం. వద్దనకూడదు, కడుపు పగిలేలా తినీ నడవకూడదు.

పొద్దుగూకాక అదే అడవి వణికిస్తుంది. చెమటకు తడిసిన బట్టలతోనే కూర్చుంటే గంటలో ఒళ్లు బిగుసుకుపోతుంది. ఆగగానే పొడి పంచె మార్చుకుని, ఆ తర్వాతే నడుం వాల్చాలి. దుప్పటి ఒక్కటి చాలదు, కింద పరుచుకోవడానికి గోనెసంచి కావాలి, ఎందుకంటే చలి నేలలోంచే ఎక్కువ ఎక్కుతుంది.

రాలిన ఆకుల కింద రాళ్లు కనబడవు. జారేది, మడమ మెలిపడేది అక్కడే. ముందు కర్ర ఆనించి, తర్వాత అడుగు వేయాలి. శివదీక్షలో ఉండి వట్టికాళ్లతో నడిచే స్వాములు కొన్ని వారాల ముందునుంచే రోజూ మట్టిదారిన నడిచి పాదం గట్టిచేసుకోవాలి. చెప్పులు వేసుకునేవాళ్లు పాతవే వేసుకోవాలి. కొత్తవైతే నాగలూటి చేరకముందే బొబ్బలు లేస్తాయి. ఎండుటాకుల మీద కర్పూరం వెలిగించడం మహాపాపంతో సమానం. నాగలూటి వీరభద్రుడి దగ్గరైనా, కైలాసద్వారం దగ్గరైనా రాతి మీదే వెలిగించి, ఆరేదాకా పక్కనే నిలబడాలి.

మోకాళ్లకు అసలు పరీక్ష భీముని కొలను. లోయలోకి దిగి, మళ్లీ కైలాసద్వారానికి నిట్టనిలువుగా ఎక్కాలి. దిగేటప్పుడు ఉత్సాహం కొద్దీ గంతులేస్తే ఎక్కేటప్పుడు మోకాళ్లు మొరాయిస్తాయి. పంచాక్షరి ఇక్కడ గొప్ప సాయం. మెట్టుకో అక్షరం, న, మ, శి, వా, య. అయిదు మెట్లకు ఒక్క క్షణం ఆగడం. ఊపిరి దానంతటదే కుదురుకుంటుంది. అరుస్తూ ఎక్కితే సగంలోనే ఆయాసం. మనసులో జపిస్తూ ఎక్కేవాళ్లు ముందు చేరతారు.

అక్కడి నుంచి హటకేశ్వరం మీదుగా సాక్షి గణపతి దగ్గర గోత్రనామాలు చెప్పుకుని గుడికి చేరాలి. శిఖరేశ్వరం ఈ దారిలో రాదు. దోర్నాల రోడ్డు మీద ఉంది కాబట్టి పండుగ అయ్యాక వెళ్లి అక్కడి నంది కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరాన్ని చూడవచ్చు. అలసిన కాళ్లతో కృష్ణ ఒడ్డుకు, అంటే పాతాళగంగకు, మెట్లు దిగవద్దు.

చతుర్దశి రాత్రి లింగోద్భవ వేళ, దీపాలన్నీ ఆర్పిన చీకట్లో, చీరాల నేతన్న రోజుకో మూర చొప్పున ఏడాదంతా నేసిన 365 మూరల పాగాను విమానానికి, నందులకు చుడతాడు. ఆ చీకట్లో కళ్లు తెరిచి ఉండటానికే రెండు రోజులూ ఒంటిని కాపాడుకుంటూ వచ్చింది. మర్నాడు పారణకు పులిహోర మీద పడకుండా ముందు పల్చటి మజ్జిగ, కాసేపయ్యాక మెత్తటి అన్నం తినాలి.