మన ఊరి బండి

పోయిన సంక్రాంతికి నెల్లూరు వెళ్ళినప్పుడు బీరువాలో ఒక ఫోటో దొరికింది. మైపాడు బీచ్ దగ్గర మా ఫియట్, దాని బానెట్ మీద ఆరేళ్ళ నేను, పక్కన లుంగీలో నాన్న. మా అమ్మాయి దాన్ని చాలాసేపు చూసి, "కారు సూపర్‌గా ఉందమ్మా, ఇప్పుడైతే ఎంతుంటుంది?" అంది. నా గురించి ఒక్క ముక్క లేదు. పద్నాలుగేళ్ళ పిల్ల దగ్గర అంతకంటే ఆశించడం నాదే తప్పు. కానీ ఆ ప్రశ్న బుర్రలో దూరి కూర్చుంది. తిరుగు రైలు గూడూరు దాటేలోపే, పాత ఫియట్ ఒకటి కొని బాగుచేయించాలని తీర్మానించుకున్నాను.

నెల్లూరికీ నేనుండే చెన్నైకీ మధ్య సుమారు 175 కిలోమీటర్లు. దీన్ని కూడా ప్రవాసం అంటావా అని డాలస్‌లో ఉన్న మా చెల్లెలు నవ్వుతుంది. దాని పిల్లలు ఆదివారం తెలుగు బడికి పోయి వేమన పద్యాలు అప్పజెబుతారు. ఇక్కడ మాకు అలాంటి పట్టుదల పుట్టదు. ఎవరూ మమ్మల్ని పరాయివాళ్ళుగా చూడరు, అదే చిక్కు. కూరగాయల బండి దగ్గర తెలుగు, లిఫ్టులో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, రోజు గడిచిపోతుంది. తమిళనాడులో 2006లోనే బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. మా అమ్మాయి తమిళంలో వ్యాసం రాసి ప్రైజు తెస్తుంది. తెలుగు మాట్లాడుతుంది, మధ్యమధ్య ఒక 'అప్పురం' తగిలించి. రాయడం మాత్రం ఆదివారం మధ్యాహ్నం నేను కూర్చోబెడితేనే. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం కదా, అందుకని కోడిని గోడి అనీ, గంటను కంట అనీ రాస్తుంది. దిద్దీ దిద్దీ విసుగొచ్చి మానేశాను.

అందుకే కారు నాకొక వంక. తాతయ్య ఫియట్ లాంటిది కళ్ళముందుంటే, దాన్ని విప్పుతూ, తుడుస్తూ నెల్లూరు కబుర్లు చెప్పొచ్చు, పాఠంలా కాకుండా తెలుగు చెవిన పడుతుంది అనుకున్నాను. మా ఆయనకి ఈ సంగతి చెప్పలేదు, డబ్బు లెక్క మాత్రం చెప్పాను. కొనడానికి లక్ష దాటకూడదు, బాగుచేయడానికి రెండేళ్ళలో ఇంకో రెండు లక్షలు. ఆయన అంబాసిడర్ చూడమన్నారు. మా పార్కింగులో అంబాసిడర్ పెడితే పక్క ఫ్లాటాయన తన కారు తలుపు తీసుకోలేడు. అంతటితో ఆ ముచ్చట ముగిసింది.

ఫియట్ అని అందరం అంటాం గానీ, నాన్నది అసలుకి ప్రీమియర్ పద్మిని. ఇటలీ ఫియట్ 1100ని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసేది. 1974 నుంచి పద్మిని అని పేరు పెట్టారు. 1089 సీసీ ఇంజిను, స్టీరింగు పక్కనే చేతి గేరు. గేరు పైనుండటం వల్లా, ముందు సీటు బెంచీలా ఒకటే ఉండటం వల్లా ముందే ముగ్గురం కూర్చునేవాళ్ళం. మధ్యలో నేను. నాన్న మూడో గేరు వేసినప్పుడల్లా ఆయన మోచెయ్యి నా తలకు తగిలేది. 2000 ప్రాంతంలో ఆ బండ్ల తయారీ ఆగిపోయింది. బొంబాయి టాక్సీలుగా మిగిలినవి కూడా 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయాయి. ఆ వార్త చూసి నాన్న ఆ పూట భోజనం దగ్గర మాట్లాడలేదని అమ్మ చెప్పింది.

మొదట చూసిన బండి కీల్‌పాక్‌లో, పాత ఇంటి షెడ్డులో. తెల్ల పద్మిని, మెరిసిపోతోంది. అడిగింది లక్షా నలభై. నేను ప్రశ్నలు అడుగుతుంటే అమ్మేవాడు జవాబులు మా ఆయనకి చెబుతున్నాడు. ఆయనకేమో డిక్కీ ఎటు తెరుచుకుంటుందో కూడా తెలీదు. నేను బ్యాగులోంచి ఫ్రిజ్ మీది అయస్కాంతం తీశాను. ఇది నాన్న ఫోన్లో చెప్పిన చిట్కా. రేకు మీద అయస్కాంతం అతుక్కుంటుంది, తుప్పును కప్పడానికి పూసిన పుట్టీ మీద జారిపోతుంది. మా అమ్మాయి దాన్ని తలుపుల కింది అంచుల మీద, చక్రాల వంపుల మీద పెట్టుకుంటూ పోయింది. కుడివైపు అతుక్కుంది. ఎడమవైపు నాలుగుచోట్ల జారి కింద పడింది. పడ్డప్పుడల్లా మా అమ్మాయి అమ్మేవాడి మొహంలోకి చూసేది. చివరికి ఆయన నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

తుప్పు అంటే పైన కనిపించేది కాదని ఆ నెలలో నేర్చుకున్నాను. ఫియట్‌కి విడిగా ఛాసిస్, అంటే కింది ఇనప చట్రం, ఉండదు, దాని ఒళ్ళే ఛాసిస్. అందుకని రంగు పోయినా, సీట్లు చిరిగినా, ఇంజిను పట్టేసినా భయం లేదు గానీ, నేల రేకు పోతే మాత్రం వెన్నుపూస పోయినట్టే. రబ్బరు మ్యాటు ఎత్తి చూడాలి. స్టెపినీ తీసి దాని కింద చూడాలి. జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి, దిగబడితే నమస్కారం పెట్టి వచ్చేయాలి. సముద్రపు గాలి ఊరు కదా, బీసెంట్ నగర్‌లో చూసిన బండికి మ్యాటు ఎత్తితే కింద గచ్చు కనిపించింది. ముడిచూర్‌లో ఇంకోటి యాభై వేలకే వస్తుందని పరుగెత్తాం. డాష్‌బోర్డు వెనక చెయ్యి పెడితే ఎండిన ఒండ్రు రాలింది. 2015 డిసెంబరు వరదలో మునిగిన బండి. అమ్మేవాడు పాపం దాచలేదు, అడిగితే ఒప్పుకున్నాడు. అడగకపోతే చెప్పేవాడు కాదు, అంతే తేడా.

ఇంజిను సంగతి ఇంత పట్టించుకోలేదు. స్టార్ట్ చేసి వెనక నిలబడితే నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, పిస్టన్ రింగులు మార్పించడమో, సిలిండరు బోరు చేయించడమో తప్పదని అర్థం. ఆయిల్ మూత విప్పితే కింద తెల్ల నురుగుంటే నీళ్ళు కలుస్తున్నాయని. అవన్నీ డబ్బుతో తీరే జబ్బులు.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. పెరుంగళత్తూరులో ఒక ఫియట్ చూడబోతే, అదే ఆవరణలో వేపచెట్టు కింద ఇంకో కారు. చిన్నగా, వెనక తోకలతో, ఎర్రగా ఉండాల్సింది ఇటుక రంగుకు తిరిగి. స్టాండర్డ్ హెరాల్డ్. దాని బానెట్ ఎలా లేస్తుందో చూపించాడు ఆ కుర్రాడు. బానెట్‌తో పాటు రెండు పక్కల మడ్‌గార్డులు, హెడ్‌లైట్లు అన్నీ కలిసి మొత్తం ముక్కు ముందుకు వంగిపోయింది, మొసలి నోరు తెరిచినట్టు. ఇంజిను, ముందు చక్రాలు అన్నీ బయటికి. టైరు మీద కూర్చుని పనిచేసుకోవచ్చు. మా అమ్మాయి కూర్చుంది కూడా. గీసింది ఇటలీ డిజైనర్ మికెలొట్టి, ఇంగ్లండులో ట్రయంఫ్ అన్నారు. ఇక్కడ చేసింది మద్రాసు కంపెనీ, 1961 నుంచి. "ఫ్యాక్టరీ వండలూరులోనే, ఇదిగో ఈ పక్కనే" అన్నాడు కుర్రాడు.

అంతే. ఇంటికి వచ్చేదాకా ఒకటే పాట. "అమ్మా, హెరాల్డే కొందాం. అది మన ఊరి బండి."

"మన ఊరు నెల్లూరే" అన్నాను.

"నీ ఊరు నెల్లూరు" అంది. కోపంగా కాదు, లెక్కల్లో తప్పు చూపించినట్టు.

తాంబరం దాటాక ట్రాఫిక్‌లో ఇరుక్కుని అరగంట నిలబడ్డాం. ఆ అరగంటలో నేనేమీ మాట్లాడలేదు. నిజానికి దాని వాదన నా వాదనే. నేను మైపాడు రోడ్డు కోసం ఫియట్ కావాలంటున్నాను, అది వండలూరు కోసం హెరాల్డ్ కావాలంటోంది. అది పుట్టింది ఎగ్మోర్‌లో. దాని సముద్రం మెరీనా. నాకు ఇవన్నీ తెలియనివి కావు. కానీ నా కడుపున పుట్టిన పిల్లకు నా ఊరు చుట్టాల ఊరు అయిందని దాని నోట వినడం వేరు.

నాన్నకి ఫోన్ చేస్తే ఆయన ఇంకో దారి చూపించాడు. నెల్లూరులోనే ఒక డాక్టరుగారి పద్మిని ఉందట, మూడక్షరాల పాత ఆంధ్ర నంబరు, కండిషన్ బాగుందట. కనుక్కుంటే దాన్ని చెన్నై తేవాలంటే అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్ళీ టాక్స్ కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. అన్నిటికంటే ముందు ఆ పాత ఆర్సీ పుస్తకం వివరాలు కంప్యూటర్లోకి ఎక్కాలి. 1989కి ముందు బండ్లకు ఇది పెద్ద తలనొప్పి. "కారుకి కూడా ఎన్‌ఓసీ కావాలా?" అన్నాడు నాన్న. "నువ్వు పోయినప్పుడు నన్నెవరూ అడగలేదే." జోకే వేశాడనుకుంటాను.

చివరికి తీర్పు చెప్పింది చూళైలో ఒక ముసలి మెకానిక్. పాత ఫియట్లు బాగుచేయడంలో పేరున్నాయన అని విని వెళ్ళాం. తమిళంలోనే మొదలుపెట్టాను. నేను మా అమ్మాయితో "ఆయిల్ మీద కాలు వేయకు" అన్నానో లేదో, ఆయన రెంచి పక్కన పెట్టి, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. ఇంట్లో తెలుగేనట, ముత్తాతల నాటి నుంచి. "మాట్లాడేకి వస్తుంది, చదివేకి రాదు. అరవమే చదివినాము" అన్నాడు. తండ్రిని 'నైనా' అనేవాడట. మా అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. వాళ్ళ క్లాసు మగపిల్లలు ఒకర్నొకరు 'ఎన్నా నైనా' అని పిలుచుకుంటారు, అది మద్రాసు వీధి తమిళం అనుకుంటోంది ఇన్నాళ్ళూ. మా నాన్న కూడా వాళ్ళ నాన్నని నైనా అనేవాడని చెప్పాను. "మరి నాకెందుకు చెప్పలేదు?" అంది. ఏం చెప్పను, అది పాఠ్యపుస్తకంలో లేదు.

హెరాల్డ్ ఫోటోలు చూసి మేస్త్రీ నిట్టూర్చాడు. "బండి లక్షణంగా ఉంది. దీనికి ఒళ్ళు వేరే, ఛాసిస్ వేరే, అది మంచిదే. కానీ ఆ ముక్కు ఒక్కటి గుద్దుకుంటే ఇంకో ముక్కు ఎక్కడ తెస్తావు?" ఫియట్‌కైతే పుదుపేటలో వెతికితే ఇంకా ముక్కలు దొరుకుతాయి, జీపీ రోడ్డులో కొత్తవి కూడా కొన్ని వస్తాయి అన్నాడు. ఇంకోమాట, యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ కింద నమోదు చేయించవచ్చు. 2021 రూల్సు ప్రకారం ఇరవై వేలు కట్టాలి, అలా చేస్తే మాత్రం రోజువారీ తిప్పకూడదు. మా అమ్మాయికి ఆ చివరి మాట నచ్చలేదు. బడికి దాంట్లో దిగాలన్నది దాని అసలు ప్లాను.

నెల తర్వాత ఆవడిలో దొరికింది. 1984 పద్మిని, లేత నీలం, తమిళనాడు నంబరు, ఆర్సీ బుక్కు అమ్మేవాళ్ళ పేరు మీదే ఉంది. ఇంజిను ఆరేళ్ళుగా తిరగలేదు, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి, వెనక అద్దం లేదు. కానీ నేల రేకు రాయిలా ఉంది. అయస్కాంతం ఒక్కచోటే జారింది. తొంభై అయిదు అడిగారు, డెబ్భైకి ఇచ్చారు. గొలుసు కట్టి లారీ మీద చూళైకి చేర్చాం. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు, పైపులన్నీ మార్చేయాలి అని మేస్త్రీ మొదటిరోజే ఒక కాగితం ఇచ్చాడు. కింద పడుతూ లేస్తూ ఇప్పటికి ఏసీ పంపు (పెట్రోలు లాగేది), కార్బురేటర్ కిట్, డైనమో బుషులు కొన్నాం. పుదుపేటలో మా అమ్మాయే బేరం చేస్తుంది. నా తమిళం వింటే వాళ్ళు రేటు పెంచుతారట.

పోయిన శనివారం తలుపులు విప్పాం. ఏ మర ఎక్కడిదో మరిచిపోకుండా ప్లాస్టిక్ కవర్లలో వేసి పేర్లు రాయమన్నాడు మేస్త్రీ. నేను తెలుగులో రాస్తే ఆయన చదవలేడు. మా అమ్మాయి తమిళంలో రాస్తే నేను కూడబలుక్కోవాలి. అందుకని రెండూ రాయాలని ఒప్పందం. తమిళం అది చకచకా రాసేసింది. తెలుగు కూడా తనే రాస్తానంది. నేనేమీ అనలేదు. నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం బొమ్మ గీసినట్టు గీసింది.

కవర్లన్నీ వరసగా పెట్టి ఫోటో తీసి నాన్నకి వాట్సాప్ చేసింది. రెండు నిమిషాల్లో ఫోన్.

"కారు కొన్నారన్నారు, సరే" అన్నాడు నాన్న. "ఈ గుడి తలుపు ఎక్కడిదే?"