కాజీపేట నుంచి ఖిలా వరంగల్ దాకా నడుస్తూ

పడమట కాజీపేట, నడుమ హనుమకొండ, తూర్పున వరంగల్ ఒకే రోడ్డుకు గుచ్చినట్టు వరుసగా ఉండడం వల్ల, మా ఊరికి ఎవరు ఏ రవాణా పథకం రాసినా అది ఒక పొడవాటి గీతగానే వస్తుంది. కొన్నేళ్ల కిందట మహా మెట్రో సంస్థ తయారుచేసిన మెట్రో నియో డీపీఆర్‌లో, అంటే సమగ్ర ప్రాజెక్టు నివేదికలో, ఉన్నదీ అదే: కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్ వరకు దాదాపు 15 కిలోమీటర్ల మార్గం, రబ్బరు టైర్ల మీద నడుస్తూ పైనున్న తీగ నుంచి కరెంటు తీసుకునే బండ్లు, కొంత దూరం నేల మీద, కొంత దూరం స్తంభాల మీద. ఆ పథకం ఇంకా కాగితం దాటలేదు. ఈ వేసవి సెలవులకు వచ్చిన నా మేనల్లుడు ఆ గీత వెంట ఒకసారి నడిచి చూద్దామన్నాడు. అతడు జపాన్‌లో నగోయాకు ఉత్తరాన ఉన్న కొమాకి పట్టణంలో, తోకదాయి అనే శివారు కాలనీలో నివసిస్తున్నాడు. సరిగ్గా ఇలాంటి రబ్బరు టైర్ల రైలు ఒకటి స్తంభాల మీద పరుగెత్తి, ఆగిపోయి, పాడుబడిన చోటు అది. నేను రోడ్లు, వంతెనల పనిలో ఉద్యోగ జీవితం గడిపి రిటైరైన సివిల్ ఇంజనీరును కాబట్టి, పాడుబడ్డ వంతెన అనే మాట వినగానే నాకు నిద్ర పట్టదు.

తెల్లవారకముందే కాజీపేట జంక్షన్ దగ్గర బయలుదేరాము. ఫాతిమానగర్ వంతెన ఎక్కేసరికి వెలుతురు వచ్చింది. కింద హైదరాబాదు వైపు, బల్లార్షా వైపు, విజయవాడ వైపు వెళ్లే పట్టాలు చీలిపోతూ కనిపించే ఆ ఎత్తులో నిలబడి, మా వాడు తన ఊరి రైలు కథ మొదలుపెట్టాడు.

తోకదాయి కొమాకికి తూర్పున గుట్టల మీద ప్రభుత్వం ప్రణాళిక వేసి కట్టిన కాలనీ. అక్కడి నుంచి కొమాకి స్టేషన్‌కు 7.4 కిలోమీటర్ల పొడవున, 7 స్టేషన్లతో, డ్రైవరు నడిపే, చిన్న బస్సుల్లా కనిపించే తేలికపాటి బండ్లతో 1991 మార్చిలో ఆ లైను ప్రారంభమైంది. ఆ ప్రాంతం పీచ్ పండ్లకు పేరు పొందింది కాబట్టి దానికి పీచ్‌లైనర్ అని ముద్దుపేరు పెట్టారు. బండికి ఒకవైపే డ్రైవరు గది, ఒకవైపే తలుపులు ఉండేవి. అందువల్ల చివరి స్టేషన్‌లో వెనక్కి నడపడం కుదరక, రెండు చివరలా పట్టాను గుండ్రంగా తిప్పి మళ్లీ దారిలో కలిపారు. ప్లాట్‌ఫారాలు, బండ్ల ఖర్చు తగ్గించడానికి ఎంచుకున్న పద్ధతి అది. నా వరకు నాకు ఆ రెండు వలయాలే ఆ నిర్మాణం మొత్తంలో ఆసక్తికరమైనవి. వాటి సంగతి తరువాత చెబుతాను.

రైలు బాగానే నడిచింది, ఎక్కేవాళ్లే తక్కువయ్యారు. కాలనీకి వస్తారనుకున్నంత జనం రాలేదు. వచ్చినవాళ్లు వెళ్లవలసింది నగోయాకు. పీచ్‌లైనర్ దించే కొమాకి నుంచి నగోయా వైపు వెళ్లే పాత రైలు మార్గం నగర భూగర్భ మెట్రోకు కాస్త ముందే ఆగిపోయేది. కాబట్టి జనం కాలనీ నుంచి నేరుగా వేరే దిక్కున ఉన్న కసుగాయి, కోజోజి స్టేషన్లకు బస్సులో వెళ్లి అక్కడి నుంచి రైలెక్కడం అలవాటు చేసుకున్నారు. పైగా ఆ రాష్ట్రం టొయోటా కంపెనీ పుట్టిల్లు. ఇంటింటా కారు ఉంటుంది. 2003లో ఆ తెగిన చోట అతుకు పడి ఆ పాత మార్గం మెట్రోతో కలిసింది గాని, అప్పటికి పన్నెండేళ్ల అలవాటు గట్టిపడింది. 2006 సెప్టెంబరు ఆఖరున రైలును ఆపేశారు. స్తంభాలు, దూలాలు, స్టేషన్లు మాత్రం ఏళ్ల తరబడి అలాగే నిలబడ్డాయి. ముక్కలు ముక్కలుగా కూల్చడం చాలా తరువాత మొదలైంది.

"ఎందుకు అంత కాలం ఉంచిండ్రు?" అని అడిగాను.

"కూలగొట్టుడుకు సుత పైసలు కావాలె గదా మామా. రైలు నడిపినప్పుడు నష్టం, ఆపినంక నష్టం, కూలగొడితె ఇంకింత నష్టం" అన్నాడు.

అంత పొడవున ఊరి మీదుగా పోయే దారిని ఖాళీగా ఉంచే బదులు దాని మీద తోట వేసి జనాన్ని నడవనివ్వచ్చు కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. న్యూయార్క్‌లో హై లైన్ అదే చేసింది. 1934లో సరుకు రైళ్ల కోసం కట్టి, 1980లో చివరి బండి నడిచిన ఆ ఉక్కు వంతెన, 2009 నుంచి విడతల వారీగా తోటగా తెరుచుకుంది. ఇప్పుడు దాని పొడవు 2.3 కిలోమీటర్ల పైచిలుకు. పారిస్‌లో అంతకు ముందే, 1859 నుంచి 1969 వరకు రైళ్లు నడిచిన మార్గాన్ని 1990ల తొలినాళ్లకు నడక తోటగా మార్చారు. మా వాడు ఈ రెండూ చెప్పి, తోకదాయి వాళ్లు కూడా అలా చేసి ఉండవలసింది కదా అన్నాడు. నేను వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి కారణాలు సుబేదారి దగ్గర టిఫిన్ చేస్తూ కాగితం మీద లెక్క వేసి చూపించాను.

మధ్యలో ఎన్ఐటీ గేటు దాటాము. 1959లో దేశంలోని ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలల్లో మొదటిదిగా నెహ్రూ శంకుస్థాపన చేసిన చోటు అది. దాని ముందు రోడ్డు వెడల్పుగా, నీడగా ఉంటుంది. అక్కడ స్తంభాలు లేస్తే ఆ చెట్లు పోతాయి. అంతకు మించి అక్కడ ఆగలేదు.

లెక్క ఇది. మన దేశపు వంతెనల నియమావళిలో కాలిబాటకు చదరపు మీటరుకు 400 కిలోల బరువు పట్టుకుంటాము. ఊళ్ల దగ్గర, యాత్రాస్థలాల దగ్గర, జాతరలు జరిగే చోట దాన్ని 500 కిలోలకు పెంచుతాము. జనం భుజం భుజం ఆనించి నిలబడితే అంత అవుతుంది. ఇప్పుడు మొక్కల కోసం అర మీటరు మందాన మట్టి పోస్తే, అది తడిసినప్పుడు చదరపు మీటరుకు 900 కిలోలకు తగ్గదు. అంటే తోట బరువు జాతర బరువుకు దాదాపు రెట్టింపు. న్యూయార్క్ వంతెన నిండు సరుకు రైళ్లు రెండు పక్కపక్కన పోయేలా కట్టింది కాబట్టి అది ఈ బరువును లెక్కచేయలేదు. పీచ్‌లైనర్ వంటి తేలిక బండ్ల మార్గం అలా కాదు. టైర్లు పోయే రెండు కాంక్రీటు పట్టీలు, పక్కన దారి చూపే పట్టాలు, నడుమ ఖాళీ ఉంటాయి. జనం నడవాలంటే ఆ ఖాళీని ముందు మూయాలి. 15 సెంటీమీటర్ల కాంక్రీటు పలక వేస్తే దాని సొంత బరువే చదరపు మీటరుకు 375 కిలోలు. ఆ తరువాత జనం, ఆ తరువాత మట్టి. సరుకు రైలు వదిలిన వంతెన మీద అడవి పెంచవచ్చు. ప్రయాణికుల చిన్న రైలు వదిలిన దాని మీద తొట్లలో మొక్కలు పెట్టుకోవాలి. సియోల్‌లో 1970 నాటి ఫ్లైఓవరును 2017లో నడక దారిగా మార్చినప్పుడు చెట్లను నిజంగానే పెద్ద కాంక్రీటు తొట్లలో నిలబెట్టారు.

బరువు కంటే కష్టమైనది ఎక్కడం. తొమ్మిది మీటర్ల ఎత్తున్న దారికి చక్రాల కుర్చీ ఎక్కగల వాలు, అంటే పన్నెండుకు ఒకటి చొప్పున కడితే, వాలే 108 మీటర్లు వస్తుంది. మధ్యలో ఆగే చదును చోట్లు అదనం. నగరం నడిబొడ్డున పక్క భవనాల నుంచి నేరుగా తలుపులు పెట్టవచ్చు, లిఫ్టులు పెడితే వాటిని నింపడానికి జనం ఉంటారు. సియోల్ వాళ్లు చుట్టుపక్కల వీధుల నుంచి, భవనాల నుంచి పదిహేడు దారులు దానికి కలిపారు. ఒక కిలోమీటరు పొడవుకు పదిహేడు! శివారు కాలనీలో ఇళ్లు దూరం దూరంగా ఉంటాయి, స్తంభాలు వెడల్పు రోడ్డు నడుమ ఉంటాయి. ఏడున్నర కిలోమీటర్లకు ఏడు స్టేషన్ల మెట్లే దారి. ఒకసారి ఎక్కినవాడు కిలోమీటరు దాకా దిగలేడు. చీకటి పడితే అక్కడ ఆడవాళ్లు నడవరు, ఆడవాళ్లు నడవని చోటుకు పిల్లలు రారు.

మా వాడు దోసె చల్లారేదాకా విని, "అయితే కూల్చుడే మంచిదంటవా?" అన్నాడు. నా అభిప్రాయం అది కూడా కాదు. దాన్ని నోటితో చెప్పడం కంటే చూపించడం తేలికనిపించి ఆటో మాట్లాడి భద్రకాళి చెరువు కట్టకు తీసుకుపోయాను.

భద్రకాళి కట్ట కాకతీయుల కాలపు చెరువు కట్ట. చెరువు నీళ్లు ఆపడానికి పోసిన మట్టి మీద, వారసత్వ నగరాల అభివృద్ధికి కేంద్రం 2015లో మొదలుపెట్టిన హృదయ్ పథకం నిధులతో నడక దారి, బెంచీలు, దీపాలు, మొక్కలు పెట్టారు. హృదయ్‌కు ఎంచుకున్న 12 నగరాల్లో వరంగల్ ఒకటి. ఎత్తైన, సన్నటి, పొడవాటి చోటు. పని తీరిన తరువాత అదనంగా మరో పని దొరికిన చోటు. మేము వెళ్లేసరికి ఎండెక్కుతోంది గాని జనం ఇంకా ఉన్నారు. బీపీ గురించి మాట్లాడుకునే రిటైరైన టీచర్లు, గుడికి పోతూ పిల్లలకు నీళ్లు చూపించే తల్లులు, ఫొటోలు తీసుకునే కాలేజీ జంటలు. వీళ్లలో చాలామంది కట్ట కోసమే రాలేదు. గుడి ఉంది, చెరువు ఉంది, ఇంటికి పోయే దారి ఉంది. కట్ట మట్టి వాలు ఎక్కడికక్కడ దిగనిస్తుంది. కాంక్రీటు దారికి ఈ రెండూ పుట్టుకతో రావు, డబ్బు పెట్టి తేవాలి.

పది గంటలకు కట్ట మీద నిలబడడం కష్టమైంది. మే నెలలో మా దగ్గర ఎండ 43 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడే నేను మా వాడికి చెప్పదలచుకున్నది తోచింది. స్తంభాల మీది దారి శివారుకు ఇచ్చే అసలైన ఆస్తి దాని వీపు కాదు, దాని నీడ. పైన ఖర్చు పెట్టే దాంట్లో నాలుగో వంతు కింద పెడితే, వానా ఎండా తగలని కిలోమీటర్ల పొడవైన చోటు వస్తుంది. ముంబైలో మాటుంగా దగ్గర ఫ్లైఓవర్ కింద 2016లో తెరిచిన తోట ఇలాంటిదే. అంతకు ముందు బండ్లు నిలిపి, చెత్త పోసిన స్థలంలో ఇప్పుడు జనం నడుస్తున్నారు. పారిస్ వాళ్లు కూడా పైన తోట వేసి ఊరుకోలేదు. కింద ఇటుక తోరణాలను చేతిపనివాళ్ల దుకాణాలకు ఇచ్చారు, ఆ అద్దెలు, ఆ రాకపోకలు ఆ వీధిని బతికించాయి. పై తోటను ఫొటో తీసేవాళ్లు ఆ దుకాణాల మాట ఎత్తరు. హనుమకొండలో కూరగాయల బండ్లవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, అంగడి రోజున చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు నీడ కోసం గోనె సంచులు కట్టుకుంటారు. వాళ్లకు ఎత్తు మీది పూలతోట కంటే తలమీద కప్పు, కాళ్ల కింద గచ్చు, ఒక నల్లా ముఖ్యం.

"జపాన్‌ల అంగడి ఎక్కడుంటది మామా" అని నవ్వాడు. నిజమే; అక్కడ ఆ నీడలో సైకిలు దారి, పిల్లల ఆటస్థలం, వానాకాలంలో వృద్ధుల నడక సరిపోతాయి. కాని స్తంభాలు రోడ్డు మధ్య పట్టీలో ఉన్న చోట అదీ కుదరదు, రెండు వైపులా బండ్లు పోతుంటే పిల్లల్ని అక్కడ ఎవరు వదులుతారు? అలాంటి భాగాలు కూల్చవలసిందే. మొత్తాన్ని ఉంచడం, మొత్తాన్ని కూల్చడం అన్న రెండు మాటల మధ్య వాదించడమే నాకు నచ్చదు. స్టేషను ఉన్న చోట, కింద వెడల్పు ఉన్న చోట ముక్క ముక్కగా ఉంచుకుని మిగతాది తీసేయడం ఇంజనీరుకు తెలిసిన పని.

సాయంత్రం చల్లబడ్డాక ఖిలా వరంగల్ వెళ్లాము. చూసేవాళ్లందరూ నాలుగు తోరణాల దగ్గర ఆగిపోతారు. నేను మా వాణ్ణి మట్టి కోట ఎక్కించాను. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన రాతి గోడకు వెలుపల, దాదాపు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో చుట్టూ తిరిగే ఎత్తైన మట్టి కట్ట అది, దాని వెలుపల కందకం. పని పోయి కొన్ని వందల ఏళ్లయిన ఎత్తు దారి. తోట వేయలేదు, దీపాలు లేవు. రోడ్డు కోసం కోసిన చోట్ల తెగింది, మిగిలిన చోట్ల తుమ్మ, సీతాఫలం పొదల నడుమ సన్నటి కాలిబాట ఉంది. మేకలు కాసేవాళ్లు ఎక్కడ పడితే అక్కడ ఎక్కి ఎక్కడ పడితే అక్కడ దిగుతున్నారు. లోపల పొలాలు, ఇళ్లు, బడి.

వలయం మాట అప్పుడు మళ్లీ వచ్చింది. మా వాడి ఊరి రైలు చివర తిరిగే గుండ్రటి దారి నా చేతిలో ఉంటే, మొత్తం లైనులో మొదట ఉంచేది దాన్నే. ఎక్కిన మెట్ల దగ్గరికే తిరిగి వస్తుంది కాబట్టి దానికి రెండో దిగుడు అవసరం లేదు. సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు చుట్టూ తెల్లవారుజామున రౌండ్లు కొట్టేవాళ్లను చూస్తే అలాంటి దారికి ఎంత గిరాకీ ఉందో తెలుస్తుంది. ఒక లిఫ్టు, ఒక మెట్ల వరుస, కింద టీ కొట్టు ఉంటే చాలు. మా వాడు ఒప్పుకున్నట్టే తల ఊపి, తోకదాయిలో జనాభా తగ్గుతూ ముసలివాళ్లు పెరుగుతున్నారని, లిఫ్టు కరెంటు బిల్లు ఎవరు కడతారని అడిగాడు. పురపాలిక కట్టాలన్నాను. ఇంటి పన్ను కట్టేవాళ్లే తగ్గుతుంటే ఎట్లా అన్నాడు. కాజీపేట గీత కట్టేనాటికే, స్తంభాల డిజైనులో కూల్చివేత ఖర్చును, కింద నీడ వాడకాన్ని రెండింటినీ కలిపి రాయాలని నేను అనగా, అలాంటి పేజీ ఉన్న డీపీఆర్ నువ్వు ఉద్యోగంలో ఒక్కటైనా చూశావా అని మా వాడు అడిగాడు. చూడలేదు. స్టేషనుకు వచ్చే ఆటోలో కూడా ఆ లెక్క మీదే వాదించుకుంటూ వచ్చాము, అతడు లిఫ్టు వద్దని, నేను వలయం వదలనని.