కండోమ్ నేరానికి సాక్ష్యమా?

సెక్స్ వర్కర్ల హక్కుల మాట ఎత్తితే చాలు, "అయితే ఈ పని మంచిదంటావా?" అని మీద పడతారు. నేనడిగేది అది కాదు. ఆ పని చేసే మనిషిని ఎవరైనా కొట్టినా, డబ్బు ఎగ్గొట్టినా, అత్యాచారం చేసినా, తిరిగి తననే లోపలేస్తారన్న భయం లేకుండా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళగలగాలి. చాలా దేశాల్లో పోలీసులు బ్యాగులో దొరికిన కండోమ్‌నే సాక్ష్యంగా చూపించారు, దాంతో కండోమ్ దగ్గర పెట్టుకోవడానికే భయం. ఇంతకంటే తెలివితక్కువ పని ఉంటుందా!

న్యూజిలాండ్ 2003లోనే సెక్స్ వర్క్‌ని నేరం కాదంది, కస్టమర్‌ని కాదనే హక్కు కూడా చట్టంలో రాసింది. తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళని మాత్రం ఆ చట్టానికి బయటే ఉంచింది, నా దృష్టిలో అది పెద్ద లోపమే. స్వీడన్ 1999లో కొనేవాళ్ళనే శిక్షించే దారి పట్టింది. వినడానికి న్యాయంగానే ఉంటుంది గానీ, పోలీసుల భయంతో కస్టమర్ తొందరపెడుతుంటే, వాడెలాంటివాడో చూసుకునే టైమ్ పోయేది వీళ్ళకే. బెల్జియంలో 2024 డిసెంబర్ నుంచి, ఉద్యోగ ఒప్పందం మీద చేసేవాళ్ళకి ప్రసూతి సెలవు, పెన్షన్ కూడా ఉన్నాయి.

మరి మనుషుల అక్రమ రవాణా? అది నేరమే, ఎవరూ కాదనరు. కానీ బలవంతంగా తెచ్చిన మనిషిని చాలాసార్లు ముందు గమనించేది పక్కన పనిచేసేవాళ్ళే, వాళ్ళనే దొంగల్లా చూస్తే ఆ సంగతి పోలీసులకి ఎవరు చెప్తారు?