మావయ్య కన్ను

శుక్లం ఆపరేషన్ అంటే ఈ రోజుల్లో ఎవరికీ టెన్షన్ లేదు. మావయ్యనీ పొద్దున తీసుకెళ్తే సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు. వారం తిరక్కుండానే కన్ను చింతనిప్పులా అయింది. నొప్పి, మసక. "దుమ్ము పడుంటుంది, చుక్కలు వేస్తే పోతుంది" అంటాడాయన. అత్త వినలేదు, ఆ రాత్రే లాక్కెళ్లింది.

డాక్టరమ్మ లైటు వేసి చూపించింది: నల్లగుడ్డు అడుగున తెల్లగా పేరుకున్న చీము గీత. ఎండాఫ్తల్మైటిస్ అట, కంటి లోపలి ఇన్ఫెక్షన్. చుక్కల మందు అంత లోపలికి సరిపడా చేరదు. అందుకే కంట్లోంచి కాస్త ద్రవం తీసి టెస్టుకు పంపి, వాంకోమైసిన్, సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్స్ నేరుగా కంట్లోకే ఇంజెక్షన్ చేశారు. వింటేనే ఒళ్లు జలదరించింది నాకు.

ఈ క్రిములు చాలాసార్లు మన రెప్పల మీద ఉండేవేనట! ఆపరేషన్ ముందు కంట్లో పోవిడోన్ అయోడిన్ మందు వేసేది వాటిని చంపడానికే. షుగర్ ఎక్కువగా ఉంటే తెల్ల రక్తకణాలు వాటితో సరిగ్గా పోరాడలేవు, ముప్పు పెరుగుతుంది. మావయ్య షుగర్ సంగతి చెప్పక్కర్లేదు, టీలో చక్కెర తగ్గితే అలుగుతాడు.

చూపు పూర్తిగా రాలేదు, పేపర్లో హెడ్డింగులు మాత్రం చదువుతున్నాడు. రెండో కంటి ఆపరేషన్ హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు) దిగాకే అని అత్త తేల్చేసింది.